పసుపు దారం కాడికి

సూరత్‌లో ఉండే మా తెలంగాణ వాళ్ల గురించి ఎవరు రాసినా మగవాళ్ల గురించే రాస్తారు. సిరిసిల్ల వైపు నుంచి రైలెక్కి వచ్చారు, మరమగ్గాల ముందు పన్నెండేసి గంటలు నిలబడ్డారు, ఆ చప్పుడుకి చెవులు పోగొట్టుకున్నారు అని. నిజమే, కాదనను. కానీ ఆ మగ్గం మీదికి దారం ఎలా వచ్చింది, ఎవరు ఎక్కించారు అని అడిగినవాడు ఒక్కడూ లేడు. చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అందుకే మా ఐలమ్మ పెద్దమ్మ సంగతి నేనే రాయడానికి కూర్చున్నాను.

ఐలమ్మ చేసేది అతుకు పని. మగ్గం మీద నిలువు దారాలు, అంటే పడుగు, అయిపోవచ్చాక దారం చుట్టిన కొత్త బీమ్ తెచ్చి వెనకాల పెడతారు. పాత దారాల కొసలకు కొత్త దారాల కొసలు ఒక్కొక్కటిగా ముడి వేస్తేనే మగ్గం మళ్లీ కదులుతుంది. మా మిల్లులో నేసే కర్టెన్ బట్టకు ఒక్కో బీమ్‌కు నాలుగు వేల ఎనిమిది వందల దారాలు. వెంట్రుక కంటే సన్నవి. ఒక్క దారం పక్కదానితో తారుమారైతే ఆ గీత బట్ట పొడుగునా కనబడుతుంది. ఆమె వేళ్లకు ఇంత బూడిద అద్దుకుని పొద్దున స్టూలు మీద కూర్చుంటే, సాయంత్రం చాయ్ వేళకు ఆఖరి ముడి పడుతుంది. మధ్యలో లేచేది అన్నానికి ఒకసారి, నడుము విరుచుకోవడానికి రెండుసార్లు. ముడులు వేస్తుండగా ఎవరైనా పలకరిస్తే సమాధానం రాదు. రాకపోగా, తరవాత నాలుగు తిట్లు వస్తాయి.

సూరత్‌లో మేముండే లింబాయత్‌లో మా గల్లీ అంతా ఆమెను అతుకుల ఐలమ్మ అంటుంది. మొదట్లో వెక్కిరింపుగానే అన్నారట. అన్నవాళ్లలో సగం మంది మగ్గాలు ఇప్పుడు ఆమె ముడి మీదే నడుస్తున్నాయి కాబట్టి, అదే పేరు మర్యాదగా మారింది. వాళ్లలా అతుకుల ఐలమ్మ అని వెక్కిరిస్తే నువ్వు ఊరుకున్నావా అని నేనొకసారి అడిగాను. అతుకు లేని బట్ట ఎక్కడుందో చూపించమంది.

ఆమె తొంభై ఆరులో ఇక్కడికి వచ్చింది. భర్త దశరథం అప్పటికే మగ్గం నడుపుతున్నాడు. ఊళ్లో అత్త బుచ్చవ్వ చేతిమగ్గం దగ్గర కూర్చోబెట్టి నేర్పిన అతుకు పని తప్ప ఐలమ్మకు ఇంకో విద్య లేదు. సూరత్‌లోనేమో ఆ పని మగవాళ్లది. ఒకరోజు మొగుడికి సద్ది ఇవ్వడానికి మిల్లుకు వెళ్లింది. ముడులు వేసే మనిషి మూడు రోజులుగా రాలేదని మగ్గం ఆగి ఉంది, దశరథం గోడకు చేరగిలబడి ఉన్నాడు. ఈమె సద్ది అతని చేతిలో పెట్టి నేరుగా వెళ్లి బీమ్ ముందు కూర్చుంది. చుట్టూ చేరి నవ్వారు. దశరథానికి తల తీసేసినట్టయి ఇంటికి పొమ్మని గుడ్లురిమాడు. ఆమె పోలేదు. చీకటి పడేలోపు మగ్గం నడిచింది. మర్నాడు పక్క మగ్గం వాడు పిలిచాడు, ఆ మర్నాడు ఇంకొకడు. దశరథం ఇప్పుడు ఆ కథ చెబుతూ, తనే ఆమెను కూర్చోబెట్టినట్టు చెబుతాడు. ఐలమ్మ వింటూ ఊరుకుంటుంది. చెవులు వినబడని మనిషితో వాదన పెట్టుకుంటే గొంతు పోవడం తప్ప లాభం లేదంటుంది.

ఇక నా సంగతి. నా పేరు నవత. లింబాయత్‌లోనే పుట్టాను, గుజరాతీ బడిలో చదివాను, బీకాం చేశాను. స్నేహితులతో హిందీ, బస్సులో గుజరాతీ, ఇంట్లో మాత్రమే తెలుగు. మా అమ్మ ఐలమ్మను అక్కా అంటుంది కాబట్టి నాకు పెద్దమ్మ అయింది. మిల్లు ఊరి బయట కామ్‌రేజ్ వైపు కొత్త షెడ్డుకు మారాక, ఆఫీసులో కాగితాలు చూడటానికి మనిషి కావాలని తెలిసి, మిల్లు యజమాని సేఠ్ హస్ముఖ్‌భాయ్‌తో నా గురించి మాట్లాడింది కూడా ఆమే. పిల్లకు మూడు భాషలొచ్చు, ఇంగ్లీషు కూడా వచ్చు, పెట్టుకో అంది. సేఠ్ పెట్టుకున్నాడు. మూడో వారంలోనే నేను చేసిన ఘనకార్యం ఇప్పుడు చెప్పబోతున్నాను.

నేను చేరిన ఆ జనవరిలోనే టీవీలో ఒకటే మోత. యూరప్‌లో ఇరవై ఏడు దేశాలు ఒక కూటమిగా ఏర్పడి, బయటివాళ్లతో వ్యాపారం మాట్లాడేటప్పుడు ఒక్క గొంతుతో మాట్లాడతాయి. ఆ కూటమికీ, ఏటికేడు ఎదుగుతున్న మన దేశానికీ మధ్య ఎన్నో ఏళ్లుగా నలుగుతున్న వాణిజ్య ఒప్పందం చర్చలు ముగిశాయన్నారు. అమల్లోకి రావడానికి ఇంకా సమయం ఉందన్నారు. సూరత్ బట్టల మార్కెట్టుకు అంత ఓపిక ఎక్కడిది? అంతకు ముందు ఏడాది అమెరికా సుంకాలు పెంచినప్పుడు మాడిపోయిన ముఖాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. హస్ముఖ్‌భాయ్ ఆ రోజే అందరినీ షెడ్డులో నిలబెట్టి చెప్పాడు. రేపు మన బట్ట మీద సుంకం పోతే అక్కడ ఎవరి పక్కనైనా నిలబడగలం, కానీ వాళ్ల కాగితాలు మహా గట్టివి, బట్టలో ఏ దారం ఎక్కడిదో, ఎవరి చేతి మీదుగా వచ్చిందో చెప్పమంటారు, ఇప్పటినుంచే అలవాటు పడండి అని.

సేఠ్ నోటివెంట ఈయూ, ఈయూ అని పదిసార్లు వినబడేసరికి ఐలమ్మ నా మోచేతి మీద పొడిచింది. ఈయూ అంటే ఎవరు, ఇచ్చేటోళ్లా, ఇయ్యనోళ్లా అని అడిగింది. నేను కూటమి సంగతి వివరించాను. ఇరవై ఏడు ఇళ్లవాళ్లు ఒక్క పొయ్యి మీద వండుకుంటే కొట్లాడుకోరా అంది. కొట్లాడుకుంటారు గానీ వాకిట్లోకి వచ్చేసరికి ఒకటే మాట మీద ఉంటారని చెప్పాను. అయితే మన గల్లీ కంటే నయమేనని తేల్చేసింది.

వారం తిరక్కుండానే నెదర్లాండ్స్ నుంచి కర్టెన్లు అమ్మే ఒక కంపెనీ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. మగ్గం మీద నడుస్తున్న బట్టలోంచి ఒకటిన్నర మీటర్ల ముక్క పంపమన్నారు. నచ్చితే ఏడాది పొడుగునా బట్ట తీసుకుంటారట. మా మేనేజర్ ప్రణయ్ హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదివిన మనిషి, ముప్పై రెండేళ్లు. కిందికి వెళ్లి ముక్క తీసుకురమ్మని నాకే చెప్పాడు.

షెడ్డులో నలభై మగ్గాలు ఒక్కసారిగా నడుస్తుంటే మనిషి మాట మనిషికి అందదు. ఐలమ్మ అప్పుడే ఒక బీమ్ అతుకు ముగించింది. కొత్త బట్ట ముందుకు వస్తోంది. శాంపుల్ కావాలని సైగ చేశాను. ఆమె నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది. నాకు వినబడింది ఇది:

"పసుపు దారం కాడికి కోసియ్యి."

చూస్తే నిజంగానే బట్టకు అడ్డంగా ఒక సన్నటి పసుపు దారం ఉంది. మొదట్లో ముడులున్న కాస్తంత తీసేసి, అక్కడినుంచి పసుపు దారం దాకా, దారంతో సహా కోశాను. సరిగ్గా ఒకటిన్నర మీటర్లు వచ్చింది. కొలిచి పెట్టినట్టే ఉంది, పెద్దమ్మ ఎంత తెలివిగా గుర్తు పెట్టిందో అని మురిసిపోయాను. నేనే మడత పెట్టి, నేనే చీటీ రాసి, నేనే కొరియర్ వాడి చేతిలో పెట్టాను. ఇంటికి వెళ్లి మా అమ్మకు కూడా చెప్పాను, నేను కోసిన బట్ట విమానం ఎక్కిందని.

తొమ్మిదో రోజు ఈమెయిల్ వచ్చింది. బట్ట బిగువు ఒకచోట ఒకలా ఇంకోచోట ఇంకోలా ఉంది, మీరు మొత్తం పాలిస్టర్ అని రాశారు, కానీ ఇందులో పసుపు రంగు నూలు దారం ఉంది, ఆ రంగు ఏమిటో, ఎక్కడిదో మీ కాగితాల్లో ఎక్కడా లేదు అని రాశారు. పసుపు దారం ఫొటో తీసి, దాని చుట్టూ ఎర్ర గుండ్రం గీసి పంపారు. కింద ఒక ఫారం. అందులో మూడు గడులు. పొరపాటు ఎలా జరిగింది, దానికి బాధ్యులెవరు, మీరు తీసుకున్న చర్య ఏమిటి. మూడు రోజుల్లో జవాబు రాకపోతే ఇంతటితో ఆపేస్తామన్నారు.

హస్ముఖ్‌భాయ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. ప్రణయ్ మాత్రం నిదానంగానే ఉన్నాడు. దారం అమ్మినవాడి దగ్గరే ఏదో కలిసి వచ్చిందని రాసేద్దాం, వాళ్లు వెళ్లి అతన్ని అడగబోతారా అన్నాడు. సేఠ్‌కు అది పూర్తిగా మింగుడు పడలేదు. దారపు కండెల్లో ఇలాంటిది ఎప్పుడైనా కనబడిందేమో కనుక్కుందామని ఐలమ్మను పైకి పిలిపించాడు. ఆమె బూడిద చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, కంప్యూటర్ మీదికి వంగి, ఎర్ర గుండ్రంలోకి చూసింది. తప్పు ఎవరిదో రాయమన్నారు, ఇది దారం అమ్మినవాడి దగ్గరే కలిసిందంటావా అని సేఠ్ అడిగాడు.

"గిది నాదే సేఠ్. నేనే పెట్టిన," అంది.

ఆమె చాలా మామూలుగా, వచ్చిన హిందీలో చెప్పుకుపోయింది. అతుకు అయ్యాక మొదట వచ్చే బట్ట బట్ట కాదట. దారాలు ఇంకా సర్దుకోవు, ఒకటి బిగువుగా, ఒకటి వదులుగా వస్తుంది. అవన్నీ ఒక దారికి వచ్చాయని చెయ్యి పెట్టి చూసుకున్నాక, మగ్గం ఆపి, పసుపులో ముంచిన నూలు పోగు ఒకటి అడ్డంగా పెడుతుంది. వాళ్లత్త బుచ్చవ్వ అలాగే పెట్టేదట. కొత్త పడుగుకు పసుపు తగలాలి, అది శుభం. దానికి ఇవతలిదంతా కోసి పారేయాలి, అది గుర్తు. దారానికి అవతల నుంచే అసలు బట్ట మొదలు. ముప్పై ఏళ్లుగా ప్రతి బీమ్‌కూ పెడుతోంది, కోసి పారేసే ముక్కతో పాటు అదీ పోతోంది. బయటికి వెళ్లిన బట్టలో ఒక్క పోగు కూడా లేదు.

అప్పుడు అర్థమైంది నాకు. ఆమె చెప్పింది కోసియ్యి కాదు. కోసెయ్యి. కోసి ఇవ్వమని కాదు, కోసి అవతల పారెయ్యమని. చెత్తబుట్టలోకి పోవాల్సిన ముక్కను పట్టుకెళ్లి నేను నెదర్లాండ్స్‌కు పంపాను. మగ్గాల చప్పుడు అనుకోండి, నా అరకొర తెలుగు అనుకోండి, ఒక్క అక్షరం దగ్గర కొంప మునిగింది. మా గల్లీలో పదేళ్ల పిల్లకైనా అతుకు ముక్క బట్ట కాదని తెలుసు. నాకే తెలియదు.

మరి ఈ ముక్క కోసింది ఎవరు అని సేఠ్ అడిగాడు. ఐలమ్మ నా వైపు చూసింది. ఒక్క చూపే. ఆమెకు అంతా అర్థమైపోయిందని నాకు తెలిసింది. ముక్క నేను తెచ్చానని ప్రణయ్‌కు తెలుసు గానీ, కోసింది షెడ్డువాళ్లే అనుకున్నాడు. నేను నోరు తెరవాలి. తెరవలేదు. బిక్కచచ్చిపోయి కీబోర్డు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. ఆమె సేఠ్ వైపు తిరిగింది.

"దారం నాది. దారపోడి మీద పెట్టకుండ్రి, వాడేం జేసిండు? తప్పు కాడ నా పేరు రాయుండ్రి," అంది. అని, ఇంకో మాటకు చోటివ్వకుండా కిందికి వెళ్లిపోయింది. మగ్గం ఆగి ఉందట.

బాధ్యులెవరు అన్న గడిలో నేను ఐలమ్మ అని టైపు చేశాను. చేసిన చేతులు నావే, ఎవరినీ అనడానికి లేదు. మూడో గడి ప్రణయ్ చెప్పాడు, నేను కొట్టాను. సదరు మనిషిని ఈ పని నుంచి తప్పించాం, ఇకపై అన్ని బీమ్‌లకూ ముడులు యంత్రమే వేస్తుంది అని. ముడులు వేసే యంత్రం మిల్లులో ఒకటి ముందునుంచీ ఉంది, ముతక దారాలకు వాడతారు. ఇంకొకటి తెద్దామని ప్రణయ్‌కు చాన్నాళ్లుగా ఉంది. సేఠ్ చాలాసేపు తల పట్టుకుని, రేపు పొద్దున చదివి పంపుదాం అన్నాడు. అంటే ముప్పై ఏళ్ల పనికి ఒక్క రాత్రి గడువు. నా పొరపాటు ఆమె చేతిలోంచి బీమ్ లాగేసుకుంటోంది.

ఆ సాయంత్రం మిల్లు బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా ఐలమ్మ ఇంటికి వెళ్లాను. వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఏమీ జరగనట్టు చాట నా ముందుకు జరిపింది. నాకు ఏడుపు రావాల్సింది, కోపం వచ్చింది. నువ్వెందుకు చెప్పలేదు, నన్నెందుకు పట్టించలేదు, నేను కోశానని నీకు తెలుసు కదా అని అరిచాను. కోసియ్యమన్నావని కోశానన్నాను. ఆమె ఈనె తీయడం ఆపింది.

"కోసెయ్యి అన్న బిడ్డా. కోసియ్యి అని ఎందుకంట?" అని, ఒక క్షణం ఆగి, నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్లనీళ్లు తుడుచుకుంది. ఆ నవ్వుకు లోపల్నుంచి దశరథం వచ్చి ఏమైందని అడిగితే, అతని చెవిలో అరిచి మళ్లీ చెప్పింది. అతనూ నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మూడో గడిలో ఏం రాశారో చెప్పాను. నిన్ను తీసేస్తున్నారు పెద్దమ్మా అన్నాను.

ఆమె చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఆమె ముఖంలో భయం చూడటం నాకదే మొదటిసారి. మరుక్షణం సర్దుకుంది.

"నాకు ముప్పై ఏండ్ల పేరున్నది. గిసుంటి తప్పు ఒకటి పడ్డా మోస్తది. నువ్వు మొన్న జేరినవ్. నీకింక పేరే లేదాయె, దేని మీద మోస్తవ్?" అంది.

అన్నం తిని పొమ్మంది. తినలేదు. ఇంటికి వెళ్లి మంచం మీద పడుకున్నాను గానీ, పక్క మీద ముళ్లున్నట్టే ఉంది. ఒక ఆడమనిషి నవ్వేవాళ్ల మధ్య బీమ్ ముందు కూర్చుని సంపాదించుకున్న పేరును నేను గొడుగులా పట్టుకుని కింద నిలబడాలా? నా మీద నాకే అసహ్యం వేసింది.

పొద్దున అందరికంటే ముందు వెళ్లి ఆ ఫారం తెరిచాను. రాసిందంతా తుడిచేశాను. మొదటి గడిలో జరిగింది జరిగినట్టు రాశాను. పసుపు అంటే ఏమిటో, మా ఇళ్లలో కూరలో ఎందుకు వేస్తామో, కొత్త పనికి ఎందుకు తాకిస్తామో రాశాను. ఆ దారం ఎక్కడ మొదలై ఎక్కడ పోతుందో రాశాను. పారేయాల్సిన ముక్కను శాంపుల్ అనుకుని కోసి పంపారని రాశాను. రెండో గడిలో నవత అని పెట్టాను. మూడో గడిలో, ఇకపై శాంపుల్ పసుపు దారం దాటాకే కోస్తాం, కోసే ముందు అతుకు వేసిన మనిషికి చూపించి అడుగుతాం అని రాసి, అలా కోసిన కొత్త ముక్క ఈరోజే పంపుతున్నామని చేర్చాను.

హస్ముఖ్‌భాయ్ చదివాడు. చదివి నన్ను ఎన్ని మాటలన్నాడో ఇక్కడ రాయను, అందులో ఒక్కటి కూడా అన్యాయం కాదు. ప్రణయ్ ముఖం మాడ్చుకుని, ఇలా పూజలూ పసుపులూ రాస్తే ఆ దేశం వాళ్లు నవ్విపోతారన్నాడు. నాకు రోషం పొడుచుకొచ్చింది. అబద్ధం రాస్తే నవ్వరా, దారం అమ్మినవాణ్ని వాళ్లు నిజంగానే అడిగితే అప్పుడు ఎవరు నవ్వుతారు, ఐలమ్మ చెప్పింది నిజమో కాదో గోడౌన్‌లో బట్టే ఉంది కదా, విప్పి చూడండి అన్నాను. ఉద్యోగం ఎలాగూ పోతుందనుకున్నాను కాబట్టి గొంతు బాగానే లేచింది.

సేఠ్ పది బట్ట తాన్లు తెప్పించాడు. ఎలా పడితే అలా తీసిన పది. బల్ల మీద దీపం కింద మొదటినుంచి చివరిదాకా విప్పించి, కళ్లద్దాలు పెట్టుకుని తనే చూశాడు. మధ్యాహ్నం దాటింది. పదింటిలో ఒక్క పసుపు పోగు లేదు. మొదటి అంగుళం నుంచే బట్ట సమంగా ఉంది. పదో తాను మీద చెయ్యి వేసి నిమిరి, ముప్పై ఏళ్లు నా మిల్లులో ఉండి ఈ సంగతి నాకు ఈరోజు తెలిసిందా అన్నాడు. నేను రాసింది అక్షరం మార్చకుండా, కొత్త ముక్కతో సహా పంపించమన్నాడు.

జవాబు వస్తుందనుకున్నాం. కొత్త ముక్క అందాక, జవాబు బదులు వాళ్లే ఫోనులో కనబడతామన్నారు. బట్టలు పరీక్షించే ఆవిడ, నడివయసు మనిషి, అతుకు వేయడం కళ్లారా చూడాలందట. ఆవిడ ఇంగ్లీషు, ఐలమ్మది తెలుగు. మధ్యలో భాష మార్చి చెప్పే పని నాది. ప్రణయ్ ఫోను పట్టుకున్నాడు. సేఠ్ వెనక నిలబడి రుమాలు నలుపుతున్నాడు. షెడ్డులో ఆ వరస మగ్గాలు కాసేపు ఆపించారు. నడిపేవాళ్లంతా చుట్టూ చేరారు. నవ్వడానికి కాదు, ఈసారి.

ఐలమ్మ ఫోను వైపు చూడనైనా చూడలేదు. వేళ్లకు బూడిద అద్దుకుంది, కూర్చుంది, మొదలుపెట్టింది. పాత కొస, కొత్త కొస, ఒక మెలిక, ఒక లాగుడు, అయిపోయింది. మళ్లీ ఇంకొకటి. కన్ను పట్టుకోలేనంత వేగం. ఆవిడ ఏదో అడగబోయి ఆగిపోయింది. దగ్గరగా చూపించమంది. ఇంకా దగ్గరగా. కాసేపటికి, మధ్యలో ఒక ముడిని గట్టిగా లాగి చూపించగలరా అని అడిగింది. నేను చెప్పాను. ఐలమ్మ, నువ్వే ఏదో ఒకటి చూపించమను అంది. ఆవిడ తెర మీద వేలు పెట్టి, ఎడమ నుంచి మూడోది అంది. ఐలమ్మ దాన్ని రెండు చేతులా పట్టి లాగింది. ఇంకా లాగింది. దారం పుటుక్కున తెగింది. తెగింది జానెడు అవతల. ముడి ఎలా వేసిందో అలాగే ఉంది.

మా వాళ్లు అని నాకు గట్టిగా అరవాలనిపించింది. ఇరవై ఏడు దేశాల గుమ్మంలో నిలబడి మా లింబాయత్ ఆడమనిషి ఒక్క ముడి చూపించింది, ఆ ముడి నిలబడింది. ఇంతకంటే ఏం కావాలి?

కొత్త ముక్క పరీక్షలన్నీ దాటిందని ఆవిడ అప్పుడు చెప్పింది. మొదటి విడత బట్ట పంపమంది. పసుపు దారం మానేయక్కర్లేదట, ఎక్కడ కోయాలో తెలిపే గుర్తుగా మా పద్ధతి కాగితంలోనే రాసుకుంటారట. అతుకు పని ఎవరు చేస్తారో ఆ పేరు కూడా పెట్టమంది. సేఠ్ ఐలాబేన్, అంటే ఐలా అక్కా, అని చిన్నగా పిలిచాడు. ఆమె పలకలేదు. చేతిలో పని ఉంది మరి.

ఫోను పెట్టేసేముందు ఆవిడ ఇంకో మాట అడిగింది. ఆ ఫారం రెండో గడిలో నవత అని ఉంది, ఆవిడెవరు, ఏం చేస్తుంది అని. నేను తలవంచుకున్నాను. శాంపుల్ తప్పుగా కోసిన గుమాస్తాను నేనే అని చెప్పడానికి ఇంగ్లీషులో మాటలు కూర్చుకుంటున్నాను. ఇంతలో నవత అన్న పేరు వినబడి ఐలమ్మ చేతులు ఆగాయి. బీమ్ ముందు కూర్చున్నాక ఆమె తనంతట తాను ఆగడం నేనెప్పుడూ చూడలేదు. ఏమడుగుతోంది అని నన్ను అడిగింది. చెప్పాను. ఆమె మొదటిసారి ఫోను వైపు తిరిగింది. బూడిద చెయ్యి తీసి నా భుజం మీద వేసింది.

"నా కాడ పని నేర్సుకుంటున్న పిల్ల అని చెప్పు," అంది.

నేను ఆ రోజు దాకా ఒక్క ముడి వేసి ఎరగను. దారపోడి మీద అబద్ధం పెట్టనివ్వని మనిషి, తన ఉద్యోగం పోయినా ఒక్క మాట అటూ ఇటూ కానివ్వని మనిషి, నలుగురిలో నిలబడి నా కోసం అబద్ధం ఆడింది. దాన్ని ఇంగ్లీషులోకి మార్చాల్సింది నేనే. మార్చాను. అక్షరం పొల్లుపోకుండా చెప్పాను.

మర్నాడు మిల్లు బస్సు దిగి ఆఫీసు మెట్లెక్కలేదు. నేరుగా షెడ్డులోకి వెళ్లి, ఆమె పక్కన ఇంకో స్టూలు వేసుకుని, వేళ్లకు బూడిద అద్దుకున్నాను.